తిరువళ్ళూరు బండి – తిరుత్తణి కొండ

తిరువళ్ళూరు అనగానే మనలో చాలామందికి వీరరాఘవస్వామి గుర్తుకొస్తాడు. చెన్నపట్నానికి పడమరగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరికి ప్రతి అమావాస్యకూ జనం రైళ్ళ నిండా వచ్చి దిగుతారు. హృత్తాపనాశిని అనే కోనేటిలో బెల్లం కరిగించి మొక్కు తీర్చుకుంటారు. పూర్వం శాలిహోత్ర మహర్షి దగ్గరకు స్వామి ముసలి బ్రాహ్మణుడి వేషంలో వచ్చి, పెట్టినదంతా భోంచేసి, "ఇక నేను నడుం వాల్చేది ఎక్కడ?" అని అడిగాడట. ఆ ప్రశ్నలోని 'ఎవ్వుళ్' అనే తమిళ మాటే ఊరికి తిరుఎవ్వుళ్ అనే పాత పేరయిందని స్థలపురాణం. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఇది ఒకటి. ఆలయ నిర్వహణ అహోబిల మఠానిది. అంటే మన నల్లమల కొండల్లోని అహోబిలానికీ, ఈ తమిళదేశపు కోనేటికీ ఎప్పటి నుంచో చుట్టరికం ఉన్నదన్నమాట.

బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికి బదిలీ అయి వచ్చాక ఈ ఊరికి ఇంకో చరిత్ర కూడా ఉందని తెలిసింది. అంబాసిడర్ కార్లు తయారు చేసిన హిందుస్థాన్ మోటార్స్ వారికి ఇక్కడ కర్మాగారం ఉండేది. మొదట మట్టి తవ్వే పెద్ద యంత్రాలు తయారయ్యేవి. తరువాత జపాను మిత్సుబిషి వారి సహకారంతో 1998 నుంచి లాన్సర్ కార్లు ఇక్కడే తయారై దేశమంతటికీ వెళ్ళాయి. ఆ రోజుల్లో లాన్సర్ ఉన్న ఇంటికి వీధిలో ఒక గౌరవం. ఇప్పుడు ఆ కారు తయారీ లేదు. అదే కర్మాగారంలో 2021 నుంచి ఫ్రెంచి వారి సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి. యంత్రాల వ్యాపారం క్యాటర్‌పిల్లర్ వారి చేతికి వెళ్ళింది. ఊరు అదే, బోర్డులే మారాయి.

మా ఇంట్లో ఉన్నది 2003లో కొన్న లాన్సర్, పెట్రోలు బండి. ఇరవై రెండేళ్ళకు అది పుట్టింటికి వచ్చిన ఆడపడుచులాగా మా వెంట తిరువళ్ళూరు చేరింది. అయితే పుట్టింట్లో ఇప్పుడు దాన్ని గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. రిటైరైన ఒకరిద్దరు పెద్దలు రోడ్డు మీద ఆగి, బానెట్ మీద చెయ్యి వేసి, "ఇది మాదేనండీ" అని చెప్పిన సందర్భాలు ఉన్నాయి.

అమ్మ కోరిక

మా అమ్మకు ఎనభై మూడేళ్ళు. పుట్టింది తిరుత్తణిలో. చిన్నప్పుడు కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి దగ్గరకు 365 మెట్లూ పరుగున ఎక్కేదాన్నని చెబుతుంది. సంవత్సరానికి ఎన్ని రోజులో అన్ని మెట్లు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. కొండ మీది దాకా కార్లు వెళ్ళే దారి ఉంది కాబట్టి, "ఒక్కసారి చూపించు నాయనా" అని అడిగింది. టాక్సీ మాట్లాడతానంటే ఒప్పుకోలేదు. మా నాన్నగారు చివరి వరకూ ముందు సీట్లో కూర్చుని తిరిగిన బండి ఇది. ఆయన పోయాక అమ్మ వెనక సీట్లో కుడివైపు తప్ప ఇంకెక్కడా కూర్చోదు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ మధ్య నుంచి బండి ముందు భాగంలో చప్పుడు మొదలయింది. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ఎడమవైపు 'టక్' మనేది. గతుకుల రోడ్డు మీద స్టీరింగు చేతిలో కొంచెం వదులుగా ఆడేది. ముందు టైర్లు లోపలి అంచున ఎక్కువగా అరిగాయి. ఇక్కడి మెకానిక్‌ది పొదటూరుపేట వైపు తెలుగు కుటుంబం. జాకీ మీద బండి లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, నా వైపు తిరిగాడు.

"అవ్వని కూర్చోబెట్టుకోని కొండెక్కాలంటా ఉండారు గదా సార్. దీన్నిట్లే పెట్టుకోని మాత్రం పోవద్దండి. బాల్ జాయింట్ లూజయిపోయుండాది. గుంతలో పడి ఊడిందంటే చక్రం మడుసుకుంటాది."

అదీ అసలు విషయం. చప్పుడు మాత్రమే అయితే ఇంకో ఆరు నెలలు చెవులు మూసుకోవచ్చు. చక్రం మడుచుకోవడమంటే ప్రాణం మీది మాట.

ముందు చక్రాల వెనక ఏముంది?

మనలో చాలామంది కారు నడుపుతాం గాని కింద ఏముందో చూడం. నాకూ డెబిట్ క్రెడిట్ తప్ప యంత్రాలు చదువుకున్న చదువు కాదు. మెకానిక్ పక్కన స్టూలు వేసుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాక తెలిసింది ఇది.

పాత అంబాసిడర్‌లో ముందు చక్రాలను మోసేది మెలితిరిగే ఉక్కు కడ్డీ. లాన్సర్ వంటి కార్లలో ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్ అనే పద్ధతి. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940లలో దీన్ని రూపొందించాడు. నిలువుగా ఒక షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగు, పైన బండి శరీరానికి బిగించే రబ్బరు మౌంటు. కింద చక్రాన్ని పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్ అనే ఉక్కు చెయ్యి. ఆ చెయ్యి బండికి అంటుకునే చోట రబ్బరు బుష్‌లు ఉంటాయి, చక్రానికి అంటుకునే చోట బాల్ జాయింట్ ఉంటుంది. గిన్నెలో గోళీ తిరిగినట్టు తిరిగే కీలు అది. మన తుంటి కీలు కూడా ఇలాంటిదే. చక్రాన్ని పక్కలకు తిప్పేది టై రాడ్, దాని చివర ఇంకో కీలు. మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీ ఒకటి, దాన్ని కలిపే చిన్న లింకులు రెండు.

రోగం ఏదో తెలియకుండా మందు కొనకూడదు కాబట్టి పరీక్షలు కూడా చెప్పాను వినండి. బానెట్ మూల మీద గట్టిగా నొక్కి వదిలితే బండి ఒకసారి లేచి నిలబడాలి. ఊగుతూ ఉంటే షాక్ అబ్జార్బర్ అయిపోయినట్టే. దాని ఒంటి మీద నూనె తడి కనిపించినా అంతే. చక్రం నేలకు తగలకుండా లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉందంటే బాల్ జాయింట్ గాని, వీల్ బేరింగ్ గాని అనుమానించాలి. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదలిక ఉంటే టై రాడ్ చివర కీలు చూడాలి. చిన్న గతుకులకే 'టక్ టక్' మంటే ఎక్కువసార్లు ఆ చిన్న లింకులదే పని. మా బండికి ఎడమ బాల్ జాయింట్, రెండు వైపులా లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింకులు, షాక్ అబ్జార్బర్లు మార్చాలని తేలింది. స్ప్రింగులు విరగలేదు, రెండు వైపులా ఎత్తు సమానంగానే ఉంది. వాటిని ఉండనిచ్చాం.

జి.పి. రోడ్డులో ఒక శనివారం

తయారీ ఆగిపోయిన కారుకు విడిభాగాలు తిరువళ్ళూరులో ఎలా దొరుకుతాయి? సెలవు శనివారం పొద్దున్నే లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగాను. ఈ రైలు మార్గం సామాన్యమైనది కాదు. దక్షిణదేశంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి ఆర్కాటు వైపు, అంటే వాలాజా రోడ్డు వరకు, ఈ తిరువళ్ళూరు మీదుగానే వెళ్ళింది.

చెన్నైలో కార్ల సామాన్లకు రెండు చోట్లు ప్రసిద్ధి. కొత్తవి కావాలంటే జనరల్ ప్యాటర్స్ రోడ్డు, అందరూ జి.పి. రోడ్డు అంటారు. పాత బండ్లు విప్పి అమ్మేది పుదుప్పేట. రెండూ దగ్గర దగ్గరే. పాత అరిగిన భాగాన్ని సంచిలో వేసుకుని వెళ్ళడం మంచిదయింది. కౌంటరు మీద పెట్టగానే ప్రశ్నల వర్షం కురిసింది: ఏ సంవత్సరం? పెట్రోలా, డీజిలా? ఎడమా, కుడా? ఆర్.సి. పుస్తకంలోని ఛాసిస్ నంబరు చూపిస్తే సగం ప్రశ్నలు తీరిపోయాయి. డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ కాబట్టి ఒకే పేరున్న బండికైనా స్ప్రింగులు వేరుగా ఉండవచ్చు. పేరు చెప్పి కొనేవాడు మోసపోవచ్చు గాని, నంబరు చెప్పి కొనేవాడు మోసపోవడం కష్టం. ఈ మాట ఖాతాలకూ వర్తిస్తుంది.

మన ముందుండే దారులు నాలుగు. మొదటిది, కారు కంపెనీ పెట్టెలో వచ్చే అసలు భాగం. పాత బండికి దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. రెండవది, కార్ల కంపెనీలకు భాగాలు సరఫరా చేసే తయారీదారులు తమ సొంత పెట్టెలో అమ్మేవి. మన చెన్నైలోనే రానే (మద్రాస్) వంటి సంస్థలు స్టీరింగు, సస్పెన్షన్ కీళ్ళు తయారు చేసి కార్ల కర్మాగారాలకు ఇస్తాయి. ఇటువంటివారి సరుకు నాణ్యతలో తీసిపోదు, ధరలో కంపెనీ పెట్టె కన్నా తక్కువ. మూడవది, ఊరూపేరూ లేని చవక సరుకు. నాలుగవది, పుదుప్పేట పాత సరుకు.

ఒక దుకాణంలో ప్రసిద్ధమైన పేరుతోనే ఒక పెట్టె చూపించారు. పేరులో ఒక అక్షరం తేడా ఉంది. నకిలీ నోటు చూసి చూసి అలవాటైన కన్ను కదా, దాన్ని అలాగే వెనక్కి జరిపి బయటికొచ్చాను.

పుదుప్పేటలో పాత లోయర్ ఆర్మ్‌లు వరుసగా వేలాడుతున్నాయి. చూడటానికి దిట్టంగానే ఉన్నాయి. కానీ ఏ బండి ఎక్కడ గుద్దుకుంటే అవి ఊడి వచ్చాయో ఎవరికి తెలుసు? ఆర్మ్ ఒక పిసరు వంగినా కంటికి కనిపించదు, టైర్లకు మాత్రం తెలుస్తుంది. తలుపు పిడి, లైటు అద్దం, సీటు వంటివి పాతవి కొనుక్కోవచ్చు. ప్రాణం మోసే కీళ్ళూ, లోపల నూనె ఉండే షాక్ అబ్జార్బర్లూ పాతవి కొనకూడదు. రబ్బరు సంగతి ఇంకా చిత్రం. వాడకపోయినా వయసు మీద పడి గట్టిపడుతుంది, పగులుతుంది. కొత్త బుష్ అయినా పెట్టె మీద తయారైన తేదీ చూసుకోవాలి.

కామర్స్ లెక్క

ఇక నా అలవాటు ప్రకారం లెక్క వేశాను. ఇవి పోలిక కోసం వేసిన అంకెలే గాని ధరలు కావు. చవక భాగం 100 అనుకుందాం. తయారీదారు పెట్టెలోది 220, కారు కంపెనీది 400. విప్పి బిగించే కూలీ, వీల్ అలైన్‌మెంట్ కలిపి ప్రతిసారీ 110. ఇది ఏ భాగం వేసినా ఒకటే. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. వస్తువు ధర చూస్తారు గాని కూలీ కలపరు.

మా బండి రిజిస్ట్రేషన్ 2028 వరకు ఉంది. సొంత కారుకు పదిహేనేళ్ళు నిండాక అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 600 రూపాయలుండే ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. అందుచేత 2028 దాకా నిలిస్తే చాలు, ఆ తరువాత మాట తరువాత. చవక బుష్ ఏడాదికి మించి రాదని మెకానిక్ అనుభవం. అంటే మూడుసార్లు మార్చాలి: 630. తయారీదారుది ఒక్కసారి: 330. కంపెనీది కూడా ఒక్కసారే: 510. బుష్‌లకూ, లింకులకూ మధ్య దారే మేలని తేలిపోయింది. పాలీయురేతేన్ అనే గట్టి బుష్‌లు ఎక్కువ కాలం వస్తాయని ఒకరు చెప్పారు. కానీ అవి రోడ్డు అదురును బండిలోకి ఎక్కువగా పంపిస్తాయి. వెనక సీట్లో ఎనభై మూడేళ్ళ నడుము ఉంటుంది కాబట్టి వద్దన్నాను.

బాల్ జాయింట్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఈ పట్టిక మూసేశాను. పాత ఆర్మ్‌లోనే కొత్త జాయింట్ ప్రెస్ చేయించవచ్చునని ఒక దారి చూపించారు. కొత్త ఆర్మే జాయింట్‌తో కలిపి తీసుకోవడం ఇంకో దారి. ఖర్చెక్కువైనా రెండోదే తీసుకున్నాను, రెండు వైపులకూ. సగటు లెక్క ఎంత బాగున్నా, తెగే రోజున తెగేది ఒక్కటే కీలు.

బిగించేటప్పుడు

మంచి వస్తువు కొనడం సగం పనే. షాక్ అబ్జార్బర్లు ఎప్పుడూ జతగా మార్చాలి, ఒక పక్క కొత్తది ఒక పక్క పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక వైపు లాగవచ్చు. స్ట్రట్ విప్పినప్పుడే పైన మౌంటు రబ్బరు కూడా మార్చేస్తే కూలీ కలిసి వస్తుంది. స్ప్రింగును నొక్కి పట్టే పరికరం లేకుండా స్ట్రట్ విప్పనివ్వకూడదు, అది ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. పాత నట్లు, పిన్నులు మళ్ళీ వాడకూడదు.

అన్నింటికన్నా ముఖ్యం ఇంకొకటి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను చివరి బిగింపు బిగించేది చక్రాలు నేల మీద ఆని, బండి బరువు వాటి మీద పడిన తరువాతనే. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి, అది జీవితాంతం ఆ మెలికతోనే ఉండి తొందరగా చిరిగిపోతుంది. మంచి బుష్ కూడా ఆరు నెలలకే పోయిందని వాపోయేవారిలో కొందరి రహస్యం ఇదే. మా మెకానిక్ నేను అడగకుండానే బండి దించి, కిందికి దూరి బిగించాడు. అప్పుడే అతని మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. మర్నాడు అలైన్‌మెంట్ చేయించి, పూండి రోడ్డు మీద ఒంటరిగా ఒక చుట్టు తిరిగి వచ్చి, నట్లన్నీ మళ్ళీ చూపించాను.

కొండ దారిలో

మాఘమాసంలో ఒక మామూలు బుధవారం బయలుదేరాం. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి సుమారు 40 కిలోమీటర్లు, తిరుపతికి వెళ్ళే జాతీయ రహదారే. కుడివైపు దూరంలో పూండి జలాశయం, 1944లో పూర్తయినది. 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. అప్పుడు అక్కడ ఎన్.టి. రామారావు గారు, ఇక్కడ ఎం.జి.ఆర్. 1996లో కృష్ణా నీళ్ళు మొదటిసారి ఈ పూండికి చేరాయి. చెన్నైలో మన కుళాయిలో వచ్చే నీటిలో కృష్ణమ్మ వాటా ఉన్నదని పిల్లలకు చెప్పాలి.

దారిలో కనకమ్మసత్రం వస్తుంది. పేరు వినగానే అమ్మ, "ఈమె మనావిడే అయ్యుంటుంది" అంది. అక్కడి నుంచి కొద్ది దూరంలో తిరువాలంగాడు. కాళితో పోటీపడి నటరాజు కాలు పైకెత్తి ఆడిన చోటు, అయిదు నాట్యసభల్లో రత్నసభ. కారైక్కాల్ అమ్మయార్ చివరికి చేరిన స్థలం కూడా అదేనంటారు. తిరుగు ప్రయాణంలో చూద్దామనుకుని సాగిపోయాం.

తిరుత్తణి దగ్గర పడుతుండగా అమ్మకు మాటలు పెరిగాయి. ఆమె పుట్టినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చిత్తూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. తమిళుల పక్షాన మ.పొ. శివజ్ఞానం వంటివారు ఆందోళన చేశారు, పటాస్కర్ గారు మధ్యవర్తిత్వం వహించారు, పార్లమెంటు 1959లో చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మళ్ళీ మద్రాసుకు వచ్చింది, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వెళ్ళింది. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది. జిల్లా చెంగల్పట్టు అయి, 1997లో తిరువళ్ళూరు అయింది. "మేం ఇల్లు మారింది లేదు, గడప దాటింది లేదు. రాష్ట్రాలే మా ఇంటికి వచ్చిపోయాయి" అంటుంది అమ్మ. ఆమె తెలుగులో తమిళం, తమిళంలో తెలుగు కలిసి ఉంటాయి. ఏది ఎక్కడ అతుక్కుందో చెప్పలేం, కానీ ఎక్కడా చప్పుడు చెయ్యదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న ఈ తిరుత్తణిలోనే తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా, తరువాత రాష్ట్రపతిగా దేశమంతా ఎరిగిన ఆ పెద్దాయనను ఇటు తమిళులూ అటు తెలుగువారూ మావాడంటే మావాడంటారు. ఇద్దరి మాటా నిజమే.

కొండ దారి పొడవేమీ కాదు గాని మలుపులున్నాయి. మలుపులో స్టీరింగు తిప్పితే తిప్పినంతే తిరిగింది. ఎడమవైపు నుంచి చిన్న శబ్దం కూడా లేదు. అద్దంలో చూస్తే అమ్మ కళ్ళు మూసుకుని ఏదో అనుకుంటోంది. పైన స్వామి ఎదుట నెమలికి బదులు ఏనుగు ఉంటుంది, ఇంద్రుడు దేవసేనతో పాటు ఇచ్చిన ఐరావతమని కథ. శూరపద్ముడితో యుద్ధం ముగిశాక స్వామి కోపం చల్లారిన చోటు కాబట్టి తణిగై అని పేరట. అమ్మను చేయి పట్టి నడిపించాను. దర్శనమయ్యాక ఆమె మెట్ల దారి పైచివర నిలబడి కిందికి చాలాసేపు చూసింది. "ఇన్నేనా మెట్లు! అప్పుడు చాలా ఉన్నట్టుండేవి" అంది.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. ఆడికృత్తికకూ, డిసెంబరు 31న జరిగే మెట్ల పండుగకూ జనం విపరీతం. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు మామూలు రోజు, పొద్దుటి పూట చూసుకోండి. సొంత బండి పాతదైతే బయలుదేరడానికి వారం ముందే జాకీ మీద లేపి ముందు చక్రాలు రెండూ ఊపి చూపించండి. అరగంట పని. ఇంజన్ ఆగితే దారి పక్కన కూర్చుని ఇంకో బండి కోసం ఎదురుచూడవచ్చు, కీలు ఊడితే ఆ వ్యవధి ఉండదు.